మంగళవారం రైలు

నా ఫోన్లో ఒక పలక ఫొటో ఉంది. రైలు వ్యాగన్‌కు తగిలించే పలక. దాని మీద జర్మన్‌లో ఉన్నది ఇంతే: వెస్టర్‌బోర్క్ నుంచి ఆష్విట్జ్, ఆష్విట్జ్ నుంచి వెస్టర్‌బోర్క్. వ్యాగన్లు విడదీయొద్దు. రైలు మొత్తం కలిసి వెస్టర్‌బోర్క్‌కు తిరిగి రావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు నెదర్లాండ్స్ యూదులను పోగేసి పెట్టిన క్యాంపు వెస్టర్‌బోర్క్. వాళ్లను చంపడానికి పంపిన క్యాంపు ఆష్విట్జ్.

బిడ్డ దాన్ని తెలుగులో చెప్పగానే నాకు కడుపులో తిప్పినట్టయింది. ముప్పై నాలుగేళ్లు కాజీపేటలో గూడ్స్ గార్డుగా పనిచేసినవాణ్ని. ఇలాంటి మాట బొగ్గు రేక్‌ల మీద ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. రేక్ అంటే ఒక రైలుకు తగిలించిన వ్యాగన్ల వరస. ఇట్లాంటిదాన్ని క్లోజ్‌డ్ సర్క్యూట్ రేక్ అంటాం. ఒకే చోట లోడింగు, ఒకే చోట అన్‌లోడింగు, ఖాళీ రేక్ మళ్లీ మొదటి చోటికి. మధ్యలో ఎవరూ ఒక్క వ్యాగన్ కూడా కట్ చేసి వేరే పనికి వాడుకోకూడదు. బొగ్గు ఆగకుండా అందాలంటే అంతకంటే మంచి పద్ధతి లేదు. ఇక్కడ ఆ వ్యాగన్లలో పోయింది మనుషులు. తిరిగి రావాల్సినవి వ్యాగన్లు మాత్రమే.

పోయిన ఏడాది మే నెలలో బిడ్డ దగ్గరికి నెదర్లాండ్స్ పోయాను. వాళ్లుండేది గ్రోనింగెన్‌లో, దేశానికి ఉత్తరపు కొసన. జర్మన్లకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు పిల్ల యాన్ ఫ్రాంక్ పేరు మా ఇంట్లో బిడ్డ పదో తరగతి ఇంగ్లీష్ పాఠం నాటి నుంచి తెలిసిందే. కానీ ఆ పాఠం ఆ పిల్ల డైరీ రాసుకోవడం దగ్గరే ఆగిపోతుంది. పట్టుబడ్డాక ఎక్కడ పెట్టారు, ఏ రైలు ఎక్కించారు అన్నది నేనూ అడగలేదు. ఆ పిల్లను, ఇంటివాళ్లను 1944 ఆగస్టు 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో పట్టుకున్నారు. ఆగస్టు 8న వెస్టర్‌బోర్క్ తెచ్చారు. దాక్కుని దొరికినవాళ్లు కాబట్టి శిక్ష బ్యారక్‌లో పెట్టి, పాత బ్యాటరీలు పగలగొట్టి లోపలి సరుకు వేరుచేసే పనిలో వేశారు. ఒళ్లంతా నల్లబడే పని, దగ్గు తెప్పించే పని. సెప్టెంబర్ 3న మొత్తం 1,019 మంది ఉన్న రైలెక్కించారు. వెస్టర్‌బోర్క్ నుంచి ఆష్విట్జ్ పోయిన ఆఖరి రైలు అదే.

"మన ఇంటికి గంటలోపు దూరమే బాపు, పోదామా?" అంది బిడ్డ. పోయాం.

మ్యూజియం నుంచి క్యాంపు ఉన్న జాగా దాదాపు మూడు కిలోమీటర్లు. అక్కడిదాకా కార్లు పోనివ్వరు. ఆ మైదానం పక్కనే ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే పెద్ద డిష్‌లు 14 వరసగా నిలబడి ఉన్నాయి, వాటికి అడ్డు రాకూడదని. అడవిలోంచి నడిచి పోయాం. బ్యారక్‌లు ఇప్పుడు లేవు. గడ్డి, గాలి. క్యాంపు కమాండెంట్ ఉన్న ఇల్లు ఒక్కటి అద్దాల గూడులో పెట్టి కాపాడుతున్నారు. ఒక చోట రెండు పట్టాలు నేల మీంచి లేచి ఆకాశం వైపు వంకర తిరిగి ఉంటాయి. స్మారకం అది. పట్టాలు అట్లా మెలితిరిగి కనబడితే రైల్వేవాడికి ముందు ప్రమాదమే గుర్తొస్తుంది. కాసేపు దగ్గరికి పోలేకపోయాను.

ఈ క్యాంపు కట్టింది జర్మన్లు కాదని అక్కడే తెలిసింది. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన జర్మనీ యూదుల కోసం 1939లో డచ్ ప్రభుత్వమే కట్టింది. మొదట వేరే చోట అనుకున్నారు. అది తన భవంతికి దగ్గరవుతుందని రాణి వద్దన్నారు. అందుకని డ్రెంతె ప్రాంతంలో, ఊళ్లకు దూరంగా, ఇసుక ఎగిరే ఈ బీడులో వేశారు. ఖర్చు కూడా అక్కడి యూదుల మీదే మోపారు. ఆశ్రయం అడిగినవాళ్లను కంటికి కనబడని చోట పెట్టాలనుకోవడం దగ్గరే తప్పు మొదలైందని నాకనిపిస్తుంది. అప్పటికే దేశాన్ని ఆక్రమించిన జర్మన్లు 1942 జూలై 1న ఆ క్యాంపును స్వాధీనం చేసుకున్నప్పుడు అన్నీ సిద్ధంగా ఉన్నాయి: బ్యారక్‌లు, వంటశాల, అందులో ఉంటున్న మనుషులు. రెండు వారాలకే, జూలై 15న, మొదటి రైలు కదిలింది.

అప్పటికి క్యాంపు లోపలికి లైను లేదు. హోగ్‌హాలెన్ స్టేషన్‌దాకా ఐదు కిలోమీటర్లు, పిల్లలూ ముసలివాళ్లూ మూటలు మోసుకుని నడవాలి. అదే ఏడాది నవంబర్‌లో సైడింగు వేశారు. నేరుగా క్యాంపు నడిబొడ్డుకి, బ్యారక్‌ల మధ్య వీధి పక్కకే. నా సర్వీసులో చాలా సైడింగులు చూశాను. గనికి, సిమెంటు ఫ్యాక్టరీకి, గోదాముకి. మనుషులు పడుకునే గడపల ముందుకి సైడింగు రావడం ఎప్పుడూ చూడలేదు.

చాలా వారాలు మంగళవారమే రైలు. సోమవారం నాటికే ఖాళీ రేక్ వచ్చి ఆ వీధి పక్కన నిలబడేది. దాన్ని చూస్తూనే పిల్లలకు అన్నం తినిపించాలి, దాన్ని చూస్తూనే దీపాలార్పాలి. రాత్రి బ్యారక్ పెద్ద వచ్చి జాబితా చదివేవాడు. మూడంతస్తుల మంచాల మీద వందలమంది ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. అక్షరాల వరసలో చదివేవాడు కాబట్టి తమ అక్షరం దాటిపోయిందంటే ఆ వారానికి బతికినట్టే.

ఇది చదివినప్పుడు నాకు మా రైల్వే కాలనీలో కాల్ బాయ్ గుర్తొచ్చాడు. మొబైల్ ఫోన్లు లేని రోజుల్లో రాత్రి రెండింటికో మూడింటికో సైకిల్ మీద వచ్చి, తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి, పుస్తకంలో సంతకం తీసుకునేవాడు. పక్కింటి తలుపు కొట్టినా సరే, మా ఆవిడ లేచి కూర్చునేది. పిల్లలు కదిలేవాళ్లు. "మనకు గాదు, పండుకో" అనేవాణ్ని. అది వట్టి డ్యూటీ పిలుపు, రెండో రోజు పొద్దుకల్లా ఇంట్లో ఉంటానని తెలిసిన పిలుపు. దానికే గుండె దడదడ కొట్టుకునేది. పక్క మంచం మీది పేరు చదివినప్పుడు "మనకు గాదు" అని వాళ్లూ ఏదో ఒక భాషలో అనుకునే ఉంటారు. అనుకున్నందుకు ఎంత కుమిలిపోయి ఉంటారో.

ఆ జాబితాలో పేరు రాకుండా ఉండటానికి ఒక ముద్ర ఉండేది. గుర్తింపు కార్డు మీద వేసేవాళ్లు. ఈ కార్డు గల మనిషికి "తదుపరి ఉత్తర్వు వచ్చేదాకా" మినహాయింపు అని. గవర్నమెంటు నౌకరీ చేసినవాళ్లకు ఆ ముక్క కొత్త కాదు. ఫర్దర్ ఆర్డర్స్ దాకా అని ట్రాన్స్‌ఫర్ ఆగుతుంది, ఇంక్రిమెంటు ఆగుతుంది. అక్కడ ప్రాణం ఆగి ఉండేది. వంటశాలలో పని ఉంటే ముద్ర, ఆసుపత్రిలో పని ఉంటే ముద్ర, ఫలానా జాబితాలో పేరుంటే ముద్ర. ఒక రోజు ఆ జాబితాయే చెల్లదంటారు. ముద్రలున్నవాళ్లు ముద్రలతోనే వ్యాగన్ ఎక్కుతారు.

ఎంతమందిని పంపాలన్న లెక్క పైనుంచి వచ్చేది. ఆ లెక్కకు పేర్లు నింపే పని క్యాంపులోని యూదు సిబ్బంది మీదే పెట్టారు. పాతగా వచ్చిన జర్మనీ యూదుల చేతుల్లో ఆ పని ఎక్కువగా ఉండేది. ఆలస్యంగా వచ్చిన డచ్ యూదులకు వాళ్ల మీద కోపం. ఇప్పుడు కూర్చుని వాళ్లను తప్పుపట్టడం నా వల్ల కాదు. తల్లి పేరు తప్పించాలంటే ఇంకెవరి తల్లి పేరో రాయాలి. అట్లాంటి కుర్చీలో నన్ను కూర్చోబెడితే ఏం చేసేవాణ్నో నాకు తెలియదు.

మంగళవారం పొద్దున పదకొండు దగ్గర రైలు కదిలేది. ఆ తర్వాత క్యాంపులో జీవితం మళ్లీ మొదలయ్యేది. ఇదే నాకు అన్నిటికంటే మింగుడుపడనిది. బడి ఉండేది. అనాథ పిల్లలకు వేరే ఇల్లు, బట్టలుతికే చోటు, కుట్టుపని, ఫుట్‌బాల్ ఆట, బాక్సింగు. ఆసుపత్రి ఎంత పెద్దదంటే 1,800 పడకలు, నూరు మందికి పైగా డాక్టర్లు. పేరున్న డాక్టర్లు, ఖైదీలుగా వచ్చినవాళ్లే. జబ్బుపడినవాళ్లను బాగుచేసేవాళ్లు, బాగుపడ్డాక రైలెక్కించేవాళ్లు. నెలలు నిండకుండా పుట్టిన ఒక పసిగుడ్డు కోసం కమాండెంట్ గెమెకర్ బయటి నుంచి ఇంక్యుబేటర్ తెప్పించాడట. బిడ్డ బతికింది. తగినంత బరువు పెరిగాక ఆ బిడ్డనూ రైలెక్కించారని అక్కడి నర్సులు తర్వాత చెప్పారు. ఇది విన్నప్పుడు మా బిడ్డ నా చేయి గట్టిగా పట్టుకుంది. దానికి రెండేళ్ల కూతురుంది.

నాటకాలు కూడా ఉండేవి. మాక్స్ ఎర్లిష్, విల్లీ రోజెన్ అని బెర్లిన్‌లో పేరు మోసిన హాస్యనటులు ఖైదీలుగా వచ్చి పడ్డారు. కొత్తవాళ్లు దిగినప్పుడు పేర్లు రాసుకునే హాలే సాయంత్రం రంగస్థలం. ముందు వరసలో కమాండెంట్ కూర్చునేవాడు. ఆటలో ఉన్నన్నాళ్లు రైలు తప్పుతుందని నటుల ఆశ. చూడటానికి రాకూడదని కొందరు, ఒక్క గంటైనా నవ్వనివ్వండి అని కొందరు. 1944లో ఆ నటులనూ పంపేశారు. ఎర్లిష్, రోజెన్ ఇద్దరూ ఆష్విట్జ్‌లోనే పోయారు.

అక్కడున్నవాళ్లు రాసిపెట్టుకున్నారు కాబట్టే మనకు ఇదంతా తెలిసింది. ఫిలిప్ మెఖానికుస్ అనే పాత్రికేయుడు 1943 మే నుంచి తొమ్మిది నెలలు డైరీ రాశాడు. ఎట్టి హిల్లెసుమ్ అనే 29 ఏళ్ల అమ్మాయి ఉత్తరాలు రాసింది. 1943 సెప్టెంబర్ 7న అమ్మానాన్నలతో, తమ్ముడితో రైలెక్కింది. కదిలే రైల్లోంచి ఒక కార్డు బయటికి విసిరింది. పొలంలో దొరికినవాళ్లు దాన్ని పోస్టులో వేశారు. పాడుకుంటూ క్యాంపు వదిలామని అందులో రాసింది. నవంబర్ 30న ఆష్విట్జ్‌లో చనిపోయిందని రికార్డు.

క్యాంపులో తీసిన సినిమా కూడా ఉంది. కమాండెంట్ చెప్పగా రూడాల్ఫ్ బ్రెస్లావర్ అనే ఖైదీ 1944లో తీశాడు. తర్వాత అతనినీ భార్యాపిల్లలతో సహా పంపేశారు. అందులో రైలు కదిలే ముక్కను మ్యూజియంలో నాలుగుసార్లు చూశాను. వ్యాగన్ తలుపుల మధ్య ఒక పిల్ల తల బయటికి పెట్టి చూస్తుంది. తలకు తెల్ల గుడ్డ. కనబడేది ఏడు సెకన్లే. యాభై ఏళ్లు ఆ పిల్ల పేరు ఎవరికీ తెలియదు, యూదుల పిల్ల అనుకున్నారు. 1994లో ఒక డచ్ పాత్రికేయుడు వెతికి తేల్చాడు. పేరు సెట్టెలా స్టైన్‌బాఖ్, తొమ్మిదేళ్లు, సింతి అనే సంచార జాతి పిల్ల. క్యాంపులో తల గొరిగేశారని సిగ్గుపడితే గుడ్డముక్క కట్టారు. అదే సినిమాలో ఒక సూట్‌కేసు మీద పేరు, పుట్టిన తేదీ కనబడతాయి. వాటిని పట్టుకునే ఆ రైలు 1944 మే 19న పోయిందని తేల్చారు. ఆ రోజు పంపిన సింతి, రోమా మనుషులు 245 మంది.

అందరూ ఆ పిల్లను చూస్తారు. నేనూ చూశాను. కానీ నా కన్ను మళ్లీ మళ్లీ తలుపు పక్కకు పోయింది. అక్కడ సుద్దతో ఒక అంకె రాసి ఉంది. వ్యాగన్‌లో ఎంతమంది అన్నది. రైలు బయల్దేరే ముందు టార్చి పట్టుకుని ప్రతి వ్యాగన్ దగ్గరా ఆగి, సుద్ద గుర్తులు చూసి, నంబర్లు పుస్తకంలో ఎక్కించుకోవడమే నేను బతుకంతా చేసిన పని. ఎవరో ఒకరు ఆ రైలు పక్కన కూడా అట్లా నడిచారు. వంగి, చూసి, రాసుకున్నారు.

ఇక్కడొకటి చెప్పాలి. ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు. 1992 ఎండాకాలం. బల్లార్షా సెక్షన్‌లో ఒక రైలు మీద డ్యూటీ పడ్డది. మూత వ్యాగన్లలో బర్రెలు. పొద్దున పదింటికి ఒక చిన్న స్టేషన్‌లో లూప్ లైన్లో, అంటే పక్క పట్టా మీద, పెట్టారు. ముందు బండ్లు పోవాలి, ఆగు అన్నారు. మే నెల ఎండ, ఇనుప డబ్బాలు. మధ్యాహ్నానికి లోపలి నుంచి వచ్చే చప్పుడు విని బ్రేక్ వ్యాన్‌లో, అంటే చివరన గార్డు ఉండే డబ్బాలో, కూర్చోలేకపోయాను. వాటితో వచ్చిన ఇద్దరు మనుషులు, పక్క వాడకట్టు ఆడవాళ్లు కలిసి బిందెలతో నీళ్లు తెచ్చి తలుపు సందుల్లోంచి పోశారు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. ఆగు అన్నారు. ఆగాను. సాయంత్రం ఆరింటికి సిగ్నల్ ఇచ్చారు. జర్నల్‌లో "డిటెన్షన్ 8 గంటలు" అని రాసి సంతకం పెట్టాను. దించేటప్పుడు రెండు చచ్చి ఉన్నాయని తర్వాత తెలిసింది.

పశువులనూ మనుషులనూ ఒక తక్కెడలో పెట్టడం లేదు. మూసిన వ్యాగన్ ఎట్లా ఉంటుందో నాకు తెలుసని మాత్రమే చెబుతున్నాను. వెస్టర్‌బోర్క్‌లో ఇప్పుడు రెండు పాత వ్యాగన్లు పట్టాల మీద నిలబెట్టారు. రెండు ఇరుసుల మూత వ్యాగన్లు. బయటి నుంచి పొడవు అంగలతో కొలిచాను, పది కూడా రాలేదు. అందులో డెబ్బై మంది, వాళ్ల మూటలు, నీళ్ల బకెట్టు ఒకటి, మూత్రానికి బకెట్టు ఒకటి. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, రెండు మూడు రోజులు.

ఆ వ్యాగన్లలోంచి పేర్లు వినబడుతుంటాయి, వయసుతో సహా. అక్కడి నుంచి పంపిన దాదాపు 1,07,000 మంది పేర్లు. తిరిగి వచ్చినవాళ్లు దాదాపు 5,000. 1943 మార్చి నుంచి జూలై దాకా సోబిబోర్ అనే ఇంకో చంపే క్యాంపుకు పోయిన 19 రైళ్లలో 34,313 మంది ఉంటే బతికి బయటపడ్డది 18 మంది. అంకెలు నేను రాసుకున్నాను, అలవాటు. పేర్లు మాత్రం నిలబడి విన్నాను. ఒకే ఇంటిపేరు వరసగా ఐదు సార్లు వస్తుంది. పక్కన వయసు 41, 38, 12, 9, 4. పలకడం రాని పేర్లే, కానీ ఇల్లు మొత్తం పోయిందని భాష రాకపోయినా తెలుస్తుంది.

"బాపు, చలి పెడుతుంది, ఇగ పోదామా?"

"జర ఆగు బిడ్డా. ఈ ఇల్లు అయిపోనీ."

ఆ రైళ్లు నడిపింది డచ్ రైల్వే మనుషులే. సరిహద్దులో న్యూవెస్కాన్స్ అని ఒక స్టేషన్. అక్కడిదాకా డచ్ డ్రైవరు, డచ్ గార్డు. అక్కడ దిగి రైలును జర్మన్ సిబ్బందికి అప్పజెప్పి వెనక్కి వచ్చేవాళ్లు. రైల్వేకు ఆ ప్రయాణాల డబ్బు ముట్టింది. 1944 సెప్టెంబర్‌లో లండన్‌కు తరలిపోయిన వాళ్ల ప్రభుత్వం అక్కడి నుంచి పిలుపిస్తే అదే రైల్వేవాళ్లు సమ్మె చేశారు, యుద్ధం అయ్యేదాకా చేశారు. అప్పటికి మనుషుల రైళ్లన్నీ పోయాయి. రైల్వే 2005లో క్షమాపణ చెప్పింది. సాలో ముల్లర్ అనే పెద్దాయన, ఆయన అమ్మానాన్నలను వెస్టర్‌బోర్క్ మీదుగానే పంపారు, ఏళ్ల తరబడి పట్టుబట్టి అడిగితే 2019లో పరిహారం ప్రకటించింది. బతికున్నవాళ్లకు మనిషికి 15,000 యూరోలు.

ఆ గార్డు గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. సరిహద్దులో దిగేటప్పుడు కాగితాల మీద సంతకం పెట్టి ఉంటాడు. రేక్ సంఖ్య, వ్యాగన్ల సంఖ్య, అప్పజెప్పిన సమయం. ఇంటికి పోయి బూట్లు విప్పి ఉంటాడు. లోపలి నుంచి వచ్చే చప్పుడు వినబడలేదని మాత్రం నాతో అనొద్దు. బ్రేక్ వ్యాన్‌లో కూర్చున్నవాడికి అన్నీ వినబడతాయి.

మూడు రోజులయ్యాక బిడ్డను అడిగాను, ఆ స్టేషన్‌కు తీసుకుపొమ్మని. "అక్కడ చూసేదేం లేదు బాపు" అంది, అయినా టికెట్లు తీసింది. గ్రోనింగెన్ నుంచి చిన్న లోకల్ రైలు. చుట్టూ చదునైన పచ్చిక, కాలువలు, ఆవులు. పట్టాలు ముందుకు జర్మనీ వైపు పోతాయి. మేము మధ్యాహ్నం దిగాం. ఇంకో నలుగురైదుగురు దిగి సైకిళ్లు తీసుకుని వెళ్లిపోయారు.

నేను ప్లాట్‌ఫారం కొసకు పోయి తూర్పు వైపు చూస్తూ నిలబడ్డాను. మేము వచ్చిన రైలే తిరిగి పోతుంది. డ్రైవరు ఈ చివర క్యాబిన్ మూసి, సంచి భుజాన వేసుకుని, ప్లాట్‌ఫారం పొడుగునా నడుచుకుంటూ ఆ చివరకు పోయాడు. నా పక్కనుంచి పోతూ తలూపాడు. నేనూ ఊపాను. బిడ్డ పిలిచేదాకా నిలబడ్డాను. తర్వాత మేమూ ఎక్కాం.